పొద్దు మునగని శనివారం

శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర మక్కకంకులు కాల్చే దుర్గాబాయి చేతి కంకి తిననివాళ్లు ఆ తోవలో తక్కువ. కరీంనగర్ బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిన్నారు. జింకల పార్కుకు పిల్లల్ని తోలుకొచ్చినవాళ్లు తిన్నారు. లా చదివే పిల్లలైతే పరీక్ష పోయిందని ఒకసారి, గట్టెక్కిందని ఇంకోసారి తిన్నారు. ఆదివారం ఎంత గిరాకీయో శనివారమూ అంతే. అయితే శనివారం నాడు ఆ బొగ్గుల పొగలో, ఆ ఉప్పూ కారం నిమ్మకాయ వాసనలో పొద్దంతా కూర్చుని ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోని మనిషి ఒకతే ఉండేది. కంకులు కాల్చే ఆమే.

ఆమెకు శనివారం ఒక్కపొద్దు. పొద్దు పొడిచింది మొదలు మునిగేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టదు. పొద్దు మునిగి, చుక్క కనబడి, వెంకన్న పటం ముందర దీపం పెట్టినంక ఒక్కసారి తింటుంది. ఆ ఒక్కసారితో సరి, మళ్లీ తెల్లారేదాకా లేదు.

ఇది ఆమెకు పెండ్లి కాకముందు మొదలైన సంగతి. చెల్లె యమునకు కీళ్ల జ్వరం వచ్చింది. మోకాళ్లు వాచినయి, ఒళ్లు పొయ్యిలాగ కాలింది, గుండె కోడిపిల్ల గుండెలాగ టకటక కొట్టుకునేది. తల్లి లేని పిల్లలు. నాయిన బండి కట్టి మేడ్చల్ దవాఖానకు తీసుకుపోతే, డాక్టరు చెవుల గొట్టాలు తీసి మెడలో వేసుకుని, "జ్వరం తగ్గుతది. గుండెను కొరికి పోకుంటే చాలు" అన్నాడు. ఆ మాట దుర్గాబాయి చెవిలో పడ్డది. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని పటం ముందర నిలబడి, "నా చెల్లెను నాకు వదిలిపెట్టు సామీ, నీ శనివారం నేను ఒక్కపొద్దుంట" అని మొక్కింది. ఎన్ని వారాలో చెప్పలేదు. మొక్కుకు గడువు పెట్టకపోతే అది జన్మంతా వెంట నడుస్తదని అప్పటికామెకు తెలియదు. తెలిసినా పెట్టేది కాదేమో.

యమున లేచి తిరిగింది. దుర్గాబాయి ఒక్కపొద్దు ఆగలేదు.

మొగులు పట్టి పొద్దు కనబడని ఆషాఢంలో ఎట్లా అనుకుంటారు? దానికీ లెక్క ఉండేది. దడి మీది బీరతీగ పూలు విచ్చుకుంటే పొద్దు మునిగినట్టే. కోళ్లు గంప చుట్టూ తిరగడం మొదలుపెడితే ఇంకొంచెం ఆగాలె. కోళ్లది తొందర, వాటి మాట నమ్మొద్దు. వాడకట్టులో ఇంకా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఒక్కపొద్దులుండేవాళ్లు. వాళ్లు గోడ మీదనుంచి, "దుర్గక్కా, మునిగిందానే?" అని అరిచేవాళ్లు. ఈమె "ఆగుండ్రే, కడుపు కాలుతాందని పొద్దును నూకుతమా?" అనేది. ఈమె దీపం పెడితేనే వాళ్లూ పెట్టేవాళ్లు. ఆ వాడకట్టులో శనివారం పొద్దు దుర్గాబాయి చెప్తే మునిగేది, అంతే.

యమున చదువుకుంది, నర్సమ్మ అయింది. దుర్గాబాయి పెండ్లి చేసుకుని కుర్మయ్య ఆటో వెనక సీటులో ఊరు చూసింది, యమున విమానమెక్కి దేశం చూసింది. మొదట దుబాయి. అప్పుడు విమానాశ్రయం బేగంపేటలోనే ఉండేది. ఇంటిల్లిపాదీ, పక్కింటివాళ్లు, వాళ్ల చుట్టాలు, అందరూ కలిసి ట్రాలీ ఆటోలో పోయి సాగనంపి, బయట రోడ్డు మీద నిలబడి ఆకాశంలో పోయే ప్రతి విమానానికీ చెయ్యి ఊపారు. ఏది యమునదో తెలియక అన్నింటికీ ఊపారు.

ఆ పిల్ల మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు సంచిలోంచి బంగారం తీసినా అంత సంబురం ఉండేది కాదు. విమానంలో పెట్టిన భోజనంలో తినకుండా దాచిపెట్టి తెచ్చింది: బొటనవేలంత పొట్లాల్లో చక్కెర, ఉప్పు, మిరియాల పొడి, రేకు మూత అంటించిన చిన్న గ్లాసులో నీళ్లు, అరచేతిలో పట్టే జాము డబ్బీ, కాగితంలో చుట్టిన బన్ను. ఆ బన్ను అప్పటికి రాయి అయింది. అయినా నాయిన దాన్ని తువ్వాలలో పెట్టి రోకలితో ఒక్కటిచ్చి, వాడకట్టుకంతా గోరంత గోరంత పంచాడు. "విమానం రొట్టె, విమానం రొట్టె" అని ముసలోళ్లు కూడా చెయ్యి చాపారు. ఆ చక్కెర పొట్లాలు అల్లుడు వచ్చినప్పుడే చాయ్‌లో పడేవి. నీళ్ల గ్లాసు మాత్రం ఎవరూ తెరవలేదు. గూట్లో పటాల పక్కన చానా రోజులుంది.

ఆ రోజూ శనివారమే. అందరూ నాకి నాకి మెచ్చుకుంటుంటే దుర్గాబాయి తన గోరంత ముక్కను తమలపాకులో చుట్టి పెట్టుకుంది. చీకటి పడ్డాక దీపం పెట్టి నోట్లో వేసుకుంటే, ఏ రుచీ లేదు. కానీ ఎవరడిగినా, "మస్తుండె" అనే చెప్పింది. ఆకాశంలో తిరిగొచ్చిన తిండిని బాగలేదని ఎట్లా అంటారు?

దుబాయి తర్వాత యమున లండన్ చేరింది. అక్కడే పెండ్లి, అక్కడే కూతురు ధరణి, అక్కడే ఉద్యోగం. ఏండ్లు గడిచినయి. చెరువు అటుపక్క పొలాలు ప్లాట్లయినయి. దుర్గాబాయి కట్ట మీద కంకుల బండి పెట్టింది. ఇగ ఈ ఎండాకాలం చివర్లో ధరణి ఫోను చేసింది.

"పెద్దమ్మా, అమ్మ గుండెల ఒక కవాటం పాడైందట. చిన్నప్పటి జ్వరం వల్లనే అంటున్నరు. సోమవారం ఆపరేషన్. నువ్వు కావాలంటాంది."

దుర్గాబాయి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. బొగ్గుల మీద కంకి మాడిపోయింది. ఆ డాక్టరు అన్న మాట ఇన్నేండ్లకు నిజమైంది. జ్వరం ఆనాడే కొరికి పోయింది, గాయం ఇప్పుడు బయటపడ్డది. మరి ఇన్ని శనివారాలు ఏం చేసినట్టు? ఆలోచించి ఆలోచించి, తనకు తనే చెప్పుకుంది: ఇన్నేండ్లు ఆపింది ఈ శనివారాలే. ఇంకొక్క గండం దాటాలె. ఇప్పుడు తప్పొద్దు.

టికెట్టు దొరికింది శనివారం పొద్దుటి విమానానికే.

"శనివారమా?" అన్నది. "అయితేంది తియ్! కట్ట మీద కూసుంటే నడుస్తలేదా ఒక్కపొద్దు, విమానంల కూసుంటే నడవదా?"

ఎయిర్‌పోర్టుకు ఆటో తోలుతూ కుర్మయ్య, "విమానంల మంచిగ పెడ్తరటనే. టికెట్లనే కలిపి తీసుకుంటరట. నువ్వు తినకుంటే వాళ్లకే లాభం" అన్నాడు.

"నీకు తిండి యావ తప్ప ఇంకోటి లేదు."

"నాకు నీ యావ. పది గంటలు కడుపుల ఏం లేకుండ... కండ్లు తిరిగి పడ్తె మీదికెళ్లి కింద పడ్తవు, ఆడ దవాఖాన గూడ ఉండది."

"ఉంటె నా చెల్లె దవాఖాననే ఉంటది. నువ్వు ముందర చూసి తోలు."

విమానం తోక దగ్గర రెండేసి సీట్ల వరుసల్లో ఆమె సీటు. కిటికీ పక్కన తెల్ల చొక్కా, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలతో ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. పేరు గోపాలరావు. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు, సొంతూరు భీమవరం వైపు, ఇప్పుడు సుచిత్ర దగ్గర అపార్ట్‌మెంటులో ఉంటున్నాడు, తమ్ముడింటికి పోతున్నాడు. ఇదంతా ఆయన చెప్పలేదు. దుర్గాబాయి బెల్టు పెట్టుకునేలోపు అడిగి తెలుసుకుంది.

విమానం లేచింది. ఆమె రెండు చేతులూ కుర్చీకి అతికించుకుంది. తర్వాత ఎదుటి సీటు వీపుకున్న టీవీ మీద ఎక్కడో వేలు తగిలితే బొమ్మల పిల్లి ఒకటి ఎగరడం మొదలుపెట్టింది. దాన్ని ఆపడం ఇద్దరికీ చాతకాలేదు. ఆ పిల్లి లండన్ దాకా ఎగురుతూనే ఉంది.

కాసేపటికి ఒక పిల్ల, జుట్టు గట్టిగా ముడివేసి, మెడకు రుమాలు చుట్టుకుని, చేతిలో పళ్లెంతో నేరుగా ఈమె దగ్గరికే వచ్చింది. ఇంకా ఎవరికీ ఏమీ రాలేదు. బండి కూడా కదలలేదు.

"గుడ్ మార్నింగ్ ఆంటీ, మీది స్పెషల్ మీల్. ఉప్మా, వడ, సాంబార్."

"నేనేం అడగలే బిడ్డా."

"టికెట్ బుక్ చేసినప్పుడే చెప్పారు ఆంటీ. ప్యూర్ వెజ్. స్పెషల్ వాళ్లకు ఫస్ట్ ఇస్తాం."

ముందు వరుసల తలకాయలు వెనక్కి తిరిగినయి. అందరికంటే చివర కూర్చున్న ముసలమ్మకు అందరికంటే ముందు పళ్లెం! ఈమె ఎవరో పెద్ద మనిషి తల్లి కావాలె అనుకున్నారేమో. దుర్గాబాయికి సిగ్గేసింది.

"నీ పేరేంది బిడ్డా? ఏ ఊరు?"

"సుస్మిత ఆంటీ. అల్వాల్."

"అల్వాల్! ఇగ మనింటి పిల్లవే. మా ఊరికెళ్లి అల్వాల్ మీదికెళ్లే పోవాలె యాడికి పోవాలన్నా. సూడు తల్లీ, నాకియ్యాల ఒక్కపొద్దు. నేను తిన."

సుస్మితకు ఆ మాట తెలుసు, మొహంలోనే కనబడ్డది. "మా అవ్వ కూడా ఉండేది ఆంటీ. మరి దీన్ని తీసుకుపోనా?"

అక్కడ వచ్చింది చిక్కు. ఒడిలో పెట్టిన అన్నాన్ని వద్దనడం దుర్గాబాయి ఇంటా వంటా లేదు. ఉప్మా ఆవిరి మొహానికి కొడుతున్నది. కరివేపాకు వాసన సరిగ్గా తన పొయ్యి దగ్గరి వాసనే. ఆమె పళ్లెం అంచును వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. "నీ మీద కోపం లేదు తల్లీ" అని ఉప్మాతోనే చెప్పి, పళ్లెం పక్కాయన ముందుకు జరిపింది.

"తినుండ్రి సారూ. నా పేరు మీద."

"అయ్యో, నాకూ వస్తుంది కదమ్మా" అన్నాడు గోపాలరావు. అంటూనే వడ వైపు చూశాడు. "సర్లెండి, మీరు అంతగా అంటున్నారు కాబట్టి..."

ఆయన రెండు పళ్లేలూ తిన్నాడు. కడుపు నిండాక ఆయనకు పాతరోజులు గుర్తొచ్చినయి.

"ఇప్పుడు ఏముందమ్మా, అంతా అట్టముక్క చెంచాలు. మేము మొదట్లో వెళ్లినప్పుడు స్టీలు ఫోర్కులు, గుడ్డ రుమాళ్లు ఇచ్చేవాళ్లు. ఎక్కగానే వేడివేడి తడి తువ్వాలు పటకారుతో పట్టుకుని అందించేవాళ్లు. మా ఆవిడ ఆ తువ్వాలు చూసి అప్పడం అనుకుని పళ్లెంలో పెట్టుకుంది."

దుర్గాబాయి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏమన్లేదా ఆ పిల్ల?"

"ఏమంటుంది! ఇంకొకటి తెచ్చి ఇచ్చింది. ఆ రోజుల్లో మర్యాద అట్లా ఉండేది. పిల్లలకు పేకముక్కలు, రంగుపెన్సిళ్లు. పేరు అడిగి పిలిచేవాళ్లు. భోజనం అయ్యాక, 'బాగుందా అండీ, ఇంకొంచెం వేయమంటారా' అని... అచ్చం పెళ్లివారి వడ్డన. మా ఆవిడ పోయాక అదీ పోయింది, ఇదీ పోయింది."

దుర్గాబాయి ఆవిడ పేరు అడిగింది. పార్వతీదేవి అని చెప్పాడు. ఏం జబ్బు, ఎన్నాళ్లు తీసుకుంది, వంట ఎట్లా చేసేది, గుత్తివంకాయలో కొబ్బరి వేసేదా పల్లీలు వేసేదా, అన్నీ అడిగింది. చెప్తుంటే చెప్తుంటే ఆయన గొంతు తేలికపడ్డది. చెప్పి చెప్పి అలిసి, రెండు పళ్లేల బరువుతో నిద్రపోయాడు.

సుస్మిత పళ్లేలు తీస్తూ వంగి, "ఆంటీ, మీ లంచ్ నేను పక్కన పెడతా. ఎప్పుడు కావాలంటే అప్పుడు బెల్ కొట్టండి, వేడి చేసి ఇస్తా" అన్నది.

తర్వాత వాళ్లు కిటికీల రెక్కలన్నీ దించేశారు. దీపాలు తగ్గించారు. రాత్రంతా నిద్రలేని దుర్గాబాయి చెల్లె గుండె గురించి ఆలోచిస్తూ, మధ్యలో వెంకన్నను పలకరిస్తూ, ఎప్పుడో కన్నుమూసింది.

లేచేసరికి చీకటి.

చుట్టూ మనుషులు దుప్పట్లు ముసుగేసుకుని పడుకున్నారు. గురకలు. ఎక్కడో పసిపిల్ల కుయ్యిమని మళ్లీ ఊరుకుంది. పైకి చూసింది. పైకప్పు నీలంగా ఉంది, అందులో చిన్న చిన్న చుక్కలు మిణుకుమిణుకుమంటున్నయి. ఒకటి కాదు, రాశులు.

చుక్క పొడిచింది!

ఆమె ఒళ్లు తేలికైంది. ఎంతసేపు నిద్రపోయిందో ఏమో, శనివారం గడిచిపోయింది. అందరూ పడుకున్నారంటే ఎంత రాత్రయిందో. దీపం పెట్టడానికి తావు లేదు, అగ్గిపుల్ల తెచ్చుకోనీయలేదు. ఆ చుక్కలకే చేతులు జోడించింది. "సామీ, తప్పకుండ నడిపిచ్చినవు. సోమవారం గూడ ఇట్లనే నడిపియ్యి." మోకాళ్లు పట్టేసినయి, కడుపు వీపుకంటింది. బెల్లు కొట్టింది.

సుస్మిత చప్పుడు కాకుండా వచ్చింది. "తింటరా ఆంటీ?"

"తింట బిడ్డా. ఆకలి దంచుతాంది."

వేడిగా వచ్చింది. రేకు డబ్బా మూత తీస్తే పులావు, దాని పక్కన పప్పు, పనీరు కూర. బొటనవేలంత గిన్నెలో హల్వా. బన్ను, వెన్న, దోసకాయ ముక్కలు. ఆనాడు వాడకట్టంతా పంచుకున్న తిండి ఇవ్వాళ మొత్తం తనొక్కదానికి. యమునకు చెప్పాలె అనుకుంది. పులావులో పప్పు కలిపి మొదటి ముద్ద తిన్నది. రెండో ముద్ద. వేడి గొంతులోంచి కడుపులోకి దిగుతుంటే కండ్లు మూతలుపడ్డయి. మూడో ముద్ద నోట్లో పెట్టుకునే సమయానికి గోపాలరావు లేచాడు, ఆవులించాడు, ఎక్కడిదాకా వచ్చామో చూద్దామని కిటికీ రెక్క పైకి లేపాడు.

ఎండ!

మామూలు ఎండ కాదు. వైశాఖంలో కట్ట మీద నెత్తిన కొట్టే ఎండ. పళ్లెం మీద పడ్డది, పులావు మెతుకులు తెల్లగా మెరిసినయి, హల్వా మెరిసింది, ఆమె చేతిగాజులు మెరిసినయి. కింద మబ్బులు దూదికుప్పల్లాగ పరుచుకుని ఉన్నయి, వాటి మీద నిటారుగా నిలబడి ఉన్నాడు సూర్యుడు.

నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. ఉమ్మడానికి లేదు, అది అన్నం. మింగడానికి లేదు, అది శనివారం. చివరికి మింగింది. కండ్లలోంచి నీళ్లు బొటబొట రాలినయి.

"కారమా అమ్మా? నీళ్లు తాగండి, నీళ్లు తాగండి" అని గోపాలరావు గాబరాపడ్డాడు.

"పొద్దు మునగలేదా సారూ?"

"మునగడమేమిటమ్మా, ఇంకా మధ్యాహ్నమేగా!"

"మరి గీ చుక్కలేంది?"

ఆయన పైకి చూశాడు. ఏమైందో అప్పుడర్థమైంది. "అయ్యయ్యో... అవి దీపాలమ్మా. పడుకోవడానికని అట్లా పెడతారు."

దుర్గాబాయి ఆ చుక్కల వైపు చూసినంత కోపంగా, తొందరపడి గంప చేరిన కోళ్లను కూడా ఎప్పుడూ చూడలేదు.

ఆయన నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. "మనం పడమటికి వెళ్తున్నాం కదమ్మా. సూర్యుడూ అటే వెళ్తున్నాడు. ఆయన వెనకే మనమూ పరుగెత్తుతుంటే ఆయన ఎట్లా మునుగుతాడు? దిగేసరికి కూడా అక్కడ మధ్యాహ్నమే. పైగా ఈ నెలల్లో అక్కడ రాత్రి తొమ్మిది దాటితేగాని చీకటి పడదు."

"మా ఊర్లనన్న మునిగి ఉంటదా ఇప్పుడు?"

ఆయన గడియారం చూశాడు. అబద్ధం చెప్పాలనిపించింది, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. చెప్పలేకపోయాడు. "లేదమ్మా. అక్కడా ఇంకా ఎండే."

సుస్మిత వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "సారీ ఆంటీ. మీరు అడిగారు కదా అని... నేను చెప్పాల్సింది. తెలియక జరిగితే తప్పు కాదంటారు కదా."

"నీదేం తప్పు లేదు బిడ్డా. నా ఆకలిది." దుర్గాబాయి రేకు మూతను మళ్లీ డబ్బా మీద కప్పి, నాలుగు పక్కలా వేళ్లతో నొక్కింది. "నా చెల్లె పానం దీని మీద ఉన్నది. సోమవారం దాని గుండె కోస్తరు. ఇన్నేండ్లు ఆగినదాన్ని, ఇంకొన్ని గంటలు ఆగలేకపోయిన."

ఇక దిగేదాకా ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. అది చూసి గోపాలరావుకు భయం వేసింది. ఈమె అడగడం మానేస్తే ఇంకేదో పెద్ద కష్టమే అయి ఉండాలనుకున్నాడు. దిగేముందు సామాను తనే తీసి పెట్టి, "మా పార్వతి ఉంటే మీకు సరైన మాట చెప్పేదమ్మా. నాకు రాదు" అన్నాడు.

బయట జనంలో ధరణి ముందు కనబడ్డది, ఆమె పక్కన యమున. సన్నబడ్డది. నాలుగడుగులు వేసి ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ వేస్తున్నది. పెదవుల చుట్టూ నీలినీడ. అయినా నవ్వు ఆ నవ్వే. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చి, ముక్కులు తుడుచుకుని, ఒకరి జుట్టు తెలుపును ఒకరు ఎగతాళి చేసుకుని బయటికి వచ్చారు.

కారు దగ్గర యమున చేతిసంచిలోంచి స్టీలు డబ్బా తీసి చూపింది. "జొన్నరొట్టె, పాలకూర పప్పు. శనివారమని నాకు యాదికున్నది. ఇంటికి పోయి తానం జెయ్యి. పొద్దు మునుగుడు ఈడ తొమ్మిదిన్నరకు. అప్పటిదాంక నీతోని ముచ్చట పెట్టుకుంట కూసుంట."

ధరణి కారు తలుపు దగ్గర నిలబడి, "చూడు పెద్దమ్మా, నువ్వన్నా చెప్పు. పొద్దునుంచి తినలేదు. గోళీలు కూడా వేసుకోలేదు, తిన్నాక వేసుకోవాలె అవి. 'అక్క తిననిది నేనెట్ల తింట, ఇద్దరం కలిసే తింటం' అంటాంది. డాక్టరు తిట్టిండు కూడా" అన్నది.

దుర్గాబాయి చెల్లె మొహం చూసింది. ఆ పెదవుల నీలి చూసింది. ఎవరి ఊపిరి నిలవాలని ఇన్నేండ్లు కడుపు కాల్చుకుందో, ఆ మనిషి తన ఒక్కపొద్దు కోసం ఎండలో ఆకలితో నిలబడి ఉంది.

"యమునా, నేను తిన్ననే."

"ఏందీ?"

"విమానంల తిన్న. చీకటైందనుకున్న. చుక్కలు కనబడ్డయి. దీపాలట అవి. మూడు ముద్దలు తిన్నంక పొద్దు బయటవడ్డది. ఒక్కపొద్దు తప్పింది. గీ టైములనే తప్పాల్నా? నీకేమన్నయితే..."

యమున అడిగింది, "ఏం పెట్టిండ్రు?"

"ఆఁ?"

"ఏం పెట్టిండ్రే? వెజ్‌ల పనీరే పెడ్తరు ఎప్పుడైనా. ఉడికిందా?"

"...ఉడికింది. పప్పే సప్పగుంది."

"హల్వా?"

"దాన్ని తిననేలే. పొద్దు వచ్చె."

యమున నవ్వు ఆపుకోలేక కారు మీద చెయ్యి ఆనించింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే ఆయాసం. ధరణి వీపు రాస్తున్నది. ఆయాసం తగ్గాక, "అక్కా, ఆ జ్వరంల నాకు ఒక్కటి యాదికున్నది. నువ్వు రాత్రుల్ల నా కాళ్లు ఒత్తుకుంట కూసునేదానివి. వెంకన్న రాలే, నువ్వే వచ్చినవు. నీ ఒక్కపొద్దుకు బతికిన్నో నీ చేతులకు బతికిన్నో నాకు తెల్వది. ఇప్పుడైతే నాకు ఆకలైతాంది" అన్నది.

దుర్గాబాయి కారు వెనక డిక్కీ తెరిపించి, దాని అంచు మీద చెల్లెను కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. డబ్బా మూత తీసింది. నడినెత్తిన పొద్దు, పక్కన ఎవరెవరో దేశం మనుషులు సామాన్లు తోసుకుంటూ పోతున్నారు. రొట్టె తుంచి పప్పులో ముంచి ముందు యమున నోట్లో పెట్టింది. రెండో ముక్క తన నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. యమున గోళీలు తనే లెక్క చూసి వేయించింది.

"పప్పు?" అన్నది యమున.

"ఉప్పు జాస్తి" అన్నది అక్క. ఇద్దరూ డబ్బా ఖాళీ చేశారు.

సోమవారం పొద్దున చెల్లెను లోపలికి తీసుకుపోతుంటే దుర్గాబాయి వెంకన్నను ఏమీ అడగలేదు. బయట బల్ల మీద కూర్చుని, పక్కన కూర్చున్న నల్లజాతి ముసలామెకు తన భాషలో చెల్లె కథంతా చెప్పింది, ఆమె కథంతా ఆమె భాషలో విన్నది. సాయంత్రం డాక్టరు వచ్చి బొటనవేలు పైకెత్తి చూపించాడు. దుర్గాబాయికి ఆ భాష అర్థమైంది.

యమున తన కాళ్ల మీద తను మెట్లెక్కేదాకా ఉండి, దుర్గాబాయి తిరుగు ప్రయాణం కట్టింది. అదీ శనివారమే పడ్డది. ధరణి "మార్చమంటవా పెద్దమ్మా" అని అడిగితే, "మార్చుడెందుకు" అన్నది.

విమానం తూర్పుకు మళ్లింది. ఈసారీ అందరికంటే ముందు ఈమెకే పళ్లెం వచ్చింది. ఈ పిల్ల ఇంకెవరో, తెలుగు పిల్ల కాదు. తలలు తిరిగినయి, దుర్గాబాయి పట్టించుకోలేదు. పులావు తిన్నది, పనీరు తిన్నది. బన్ను చీల్చి వెన్న రాసి తిన్నది. వేడిగా, మెత్తగా ఉంది. నాయిన రోకలితో కొట్టి పంచిన ఆ రాయి ఇదేనా అని ఆశ్చర్యపోయింది. చేత్తో సైగ చేసి ఇంకోటి అడిగి తెప్పించుకుంది. ఇది నాయిన లెక్కలో తిన్నది.

చాయ్ తాగుతుండగా కిటికీలో ఎరుపు మొదలైంది. ఇటు వస్తే ఇంత జల్దీ మునుగుతాడా ఈయన? ఇవాళ దడి లేదు, కోళ్లు లేవు, గోడ మీదనుంచి "మునిగిందానే" అని అరిచే ఆడవాళ్లలో సగం మంది భూమ్మీదే లేరు. మబ్బుల అంచు కుంకుమయింది, తర్వాత ఊదాయింది. దుర్గాబాయి మెడ చాపి చూసింది. కడుపు నిండుగా ఉండి శనివారం పొద్దు మునుగుడును ఇట్లా తీరుబాటుగా చూడడం, ఆ మొక్కు మొక్కినప్పటినుంచి ఆమెకు ఇదే మొదలు. ఏదో పోగొట్టుకున్నట్టూ ఉంది, బాగానూ ఉంది.

పక్కసీటు అమ్మాయి, "షటర్ వేసేయనా?" అని అడిగింది.

"ఉండనియ్యి బిడ్డా" అన్నది దుర్గాబాయి, హల్వా మూత తీస్తూ. "దాని పని అది చేసుకుంటాంది. మునగనియ్యి."